నూటా అరవై మూడు పేర్లు

శ్రీరంగప్ప పాటలకు పెట్టిన పేర్లు చూస్తే ఎవరికైనా ముందు నవ్వొచ్చేది. లోకంలో ఎవరైనా పాటను దాని మొదటి మాటతో గుర్తుపెట్టుకుంటారు. ఈయన పద్ధతి వేరు. ఏ పాట ఎవరి చావులో బాగా కుదిరితే, ఆ పోయిన మనిషి పేరే ఆ పాటకు పేరు. ‘సోమందేపల్లె పెద్దాయన’, ‘బయ్యన్న వాళ్ళమ్మ’, ‘చిలమత్తూరు టీచరమ్మ’, ‘బోరుబండి మేస్త్రి’... ఇట్లా నూటా అరవై మూడు పాటలు ఒక చిన్న కీప్యాడ్ ఫోన్లో, గోరంత మెమరీ కార్డులో ఉండేవి. ఆయనకు అక్షరం ముక్క రాదు. రికార్డు చేసిందీ, ఆ పేర్లు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టిందీ కొడుకు నాగేశ్వర.

ధర్మవరం పక్కన నేసేవాళ్ళ కాలనీలో తండ్రీకొడుకులకు రెండు మగ్గాలు. పట్టుచీరలు నేయడం పొట్ట కోసం. తత్వాలు పాడడం మాత్రం శ్రీరంగప్పకు ప్రాణం. చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు కబురు వచ్చేది ఆయనకే. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టింది మొదలు లేపేదాకా ఆయన తంబూర మీటుతూ పాడేవాడు. ఎర్రిస్వామి మద్దెల వాయించేవాడు. నాగేశ్వర తాళాలు కొడుతూ వంత పాడేవాడు. వంత పాడడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఆయన చరణం పాడి ఆగినప్పుడు పల్లవి చివరి ముక్క అందుకుని రెండుసార్లు అని, మళ్ళీ ఆయనకు అప్పజెప్పడమే.

ఆ గొంతు గొప్పదని ఎవరూ అనలేదు. కొంచెం జీర ఉండేది, పైకి పోతే చీలేది కూడా. కానీ ఎంత గుండెలు బాదుకుని ఏడ్చే ఇల్లయినా ఆయన రెండో పాటకు వచ్చేసరికి సద్దుమణిగేది. ఆడవాళ్ళు కొంగుతో మొహం తుడుచుకుని వినేవాళ్ళు. చచ్చిపోయిన మనిషి గురించి చెప్పకుండానే చెప్పినట్టు ఉండేవి ఆ చరణాలు. కణేకల్ వైపు ఒక గురువు దగ్గరికి పన్నెండేళ్ళు తిరిగి నేర్చుకున్నవి. కాగితం మీద పెట్టొద్దు, నోటితోనే ఇవ్వు అని ఆ గురువు మాట తీసుకున్నాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మిగిలింది శ్రీరంగప్ప ఒక్కడే.

ఫోన్ రాకముందు సంగతి వేరుగా ఉండేది. చావింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలోనే పరీక్ష పెట్టేవాడు ఆయన. "ఏదీ, మూడో చరణం చెప్పు" అనేవాడు. నాగేశ్వర తడబడితే తిట్టేవాడు, తిట్టి తనే చెప్పేవాడు. అలా ఒకటీ అరా నోటికి పట్టాయి కూడా. ఎనిమిదేళ్ళ కిందట నాగేశ్వర ఆ కీప్యాడ్ ఫోన్ కొనిచ్చి, రికార్డు చేయొచ్చని చూపించాడు. గురువు వద్దన్నది కాగితాన్ని కదా, ఇది నోరే కదా అని శ్రీరంగప్ప చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి దారిలో చరణాలు అడగడం మానేశాడు. "ఎక్కిందా?" అని ఒక్క మాటే అడిగేవాడు. "ఎక్కింది నాయనా" అనేవాడు నాగేశ్వర. పాడుతున్నంతసేపూ అతని చూపు ఫోన్ మీదే ఉండేది, అంకెలు కదులుతున్నాయా లేదా అని.

పోయిన ఏడాది శ్రీరంగప్పకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు అనంతపురం ఆసుపత్రిలో. ముందు పాట పోయింది, తర్వాత మాట సన్నబడింది. మంచంలో పడుకుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని తన పాటలు తనే వినేవాడు. ఆ ఫోన్ పరిస్థితీ ఆయన పరిస్థితీ ఒకటే. రెండు మీటలు పనిచేయవు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత నిలవక రబ్బరు బ్యాండు వేశారు.

"ఇది నాకంటే ముందు పోయేటట్టుండాది" అన్నాడు ఒక రోజు. "ఇవన్నీ మంచి ఫోన్లోకి ఎక్కించుకోప్పా. నేను పోయినాక నీకు గురువు ఇదే. దీన్ని ఇంటా, ఇంటా నేర్చుకో. మన కాలనీలో మనిషి పోతే పాట లేకుండా లేపకూడదు."

నాగేశ్వర ఆ వారమే ధర్మవరం బస్టాండు పక్కన ఉన్న సెల్ షాపులో స్మార్ట్‌ఫోన్ కొన్నాడు. షాపు శశికుమార్‌ది. పాత ఫోన్లోంచి కార్డు తీసి కొత్త ఫోన్లో వేశాడు. అక్కడా ఇక్కడా నొక్కి, పాటలన్నీ ఒక వరసలో పెట్టి చూపించాడు. తెల్లటి తెర మీద నూటా అరవై మూడు పేర్లు పైనుంచి కిందికి జారాయి. ఒకటి నొక్కితే శ్రీరంగప్ప గొంతు షాపంతా మోగింది. కవర్లు బేరమాడుతున్న ఇద్దరు బేరం ఆపి విన్నారు.

"ఎవరన్నా ఇది?" అన్నాడు శశికుమార్.

"మా నాయన" అన్నాడు నాగేశ్వర. అంత గర్వం అతనికి మొదటి చీర నేసినప్పుడు కూడా కలగలేదు.

అప్పుడే కరెంటు పోయింది. శశికుమార్ ఫోన్ చేతికిస్తూ ఏదో చెప్పాడు. కార్డు ఇందులోనే ఉండనీ, ఇంటికి పోయి ఛార్జింగ్ పెట్టి ఇది నొక్కు, గంట పడతాది, అంతవరకు తీయొద్దు అన్నాడు. నాగేశ్వర తల ఊపాడు. విన్నాడా అంటే విన్నాడు. బుర్రకు ఎక్కించుకున్నాడా అంటే లేదు. షాపంతా తన తండ్రి పాట విన్నదన్న సంతోషంలో ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి శ్రీరంగప్ప మంచంలో చెయ్యి చాపి ఉన్నాడు. "నా ఫోనేదిరా" అని. పాటలు లేని ఆ పాత డబ్బా ఆయనకెందుకు? నాగేశ్వర కొత్త ఫోన్ తెరిచి చూశాడు. పేర్లన్నీ ఉన్నాయి. కార్డు తీసి చూశాడు. అయినా పేర్లన్నీ ఉన్నాయి. అయిపోయింది పని అనుకున్నాడు. నేసేవాడి బుద్ధి అతనిది. ఒక మగ్గం మీది డిజైను చిల్లుల అట్టలు చూసి ఇంకో మగ్గానికి అలాంటివే కొట్టేస్తే, పాత అట్టలు ఉన్నా పోయినా చీరకు వచ్చే నష్టం లేదు. ఇదీ అంతే అనుకున్నాడు. కార్డు పాత ఫోన్లో వేసి, రబ్బరు బ్యాండు బిగించి, తండ్రి చేతికిచ్చాడు. కొత్త ఫోన్లో ఒక్క పాటైనా మోగించి చూద్దామన్న ఆలోచన అతనికి రాలేదు. ఆయన పాట పక్కనే పాత ఫోన్లో మోగుతుంటే ఇంకొకటి ఎందుకు మోగించాలి?

తర్వాత పద్దెనిమిది రోజులకు ఒక పొద్దున శ్రీరంగప్ప కొడుకును దగ్గరికి పిలిచాడు. మాట గుసగుసలాగా వచ్చింది. "అన్నీ ఎక్కించినావా?"

"అన్నీ ఎక్కించినా నాయనా. నూటా అరవై మూడూ ఉండాయి. చూడు." నాగేశ్వర తెర చూపించాడు. ఆయన చదవలేడు గానీ బారుగా ఉన్న ఆ వరసను వేలితో తడిమాడు. మొహం తేటపడింది. మధ్యాహ్నంలోపు పోయాడు.

సోమందేపల్లె నుంచి భజన జట్టు వచ్చి పాడింది. పాటగాడు పోతే ఇంకో ఊరి పాటగాళ్ళు రావడం మర్యాద. వాళ్ళకొచ్చినవి అందరూ పాడే పది పాటలే, పాపం బాగానే పాడారు. గరుసు నేల పారకు లొంగదు కాబట్టి గుంత జేసీబీతో తీయించారు. వాళ్ళ ఇళ్ళలో పూడ్చడమే ఆనవాయితీ. పోయిన మనిషి చేతిలో ఎప్పుడూ మసలిన వస్తువు ఒకటి తోడుగా పెట్టి పూడుస్తారు. నేసేవాడికి పోగును అటూ ఇటూ నడిపే నాడె పెడతారు. ఆకూ వక్కా నమిలే ముసలమ్మకు ఆ సంచి పెడతారు. తంబూర మాత్రం పెట్టరు, అది తర్వాతి పాటగాడిది.

ఎవరో నాడె తెచ్చారు. అంజనమ్మ దాన్ని పక్కకు తోసింది. నలభై ఏళ్ళ కాపురంలో మొగుడి మనసు ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు?

"నాడె ఎందుకు ఆయనకి?" అంది. "ఏడాదిగా ఆ ఫోను చెవి దగ్గర లేంది కన్ను మూసింది లేదు. అది పెట్టు."

ఎర్రిస్వామి వెనక్కి తిరిగి చూశాడు. "ఏమప్పా నాగేశా, దాంట్లో పాటలుండాయి గదా?"

"అన్నీ నా దాంట్లో ఉండాయి మామా" అన్నాడు నాగేశ్వర. జేబులోంచి కొత్త ఫోన్ తీసి అక్కడున్నవాళ్ళకు ఆ వరస చూపించాడు కూడా. తర్వాత తనే గుంతలోకి దిగాడు. తండ్రి కుడిచేతిలో పాత ఫోన్ పెట్టి, బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటే దాని చుట్టూ మడిచాడు. గుడ్డ కప్పి పైకొచ్చి మొదటి పిడికెడు మన్ను వేశాడు.

మూడోనాడు సమాధి మీద పాలు పోసి వచ్చాక ఇంట్లో చుట్టాలు కూర్చున్నారు. "ఆయన పాట ఒకటి పెట్టప్పా, ఇంటాము" అన్నాడు ఎర్రిస్వామి. నాగేశ్వర గోడకానుకుని కూర్చుని ‘బోరుబండి మేస్త్రి’ నొక్కాడు. పాట రాలేదు. తెర మీద ఏదో ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోయాయి. ఇంకొకటి నొక్కాడు. అదీ అంతే. కింది నుంచి నొక్కుకుంటూ పైకి పోయాడు, పై నుంచి కిందికి వచ్చాడు. భార్య పద్మజ "సౌండు తక్కువ పెట్టినారేమో" అని తీసుకుని చూసింది. సౌండు నిండుగానే ఉంది. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఫోన్ సంగతి కదా అని వేరే మాటల్లో పడ్డారు. నాగేశ్వర మాత్రం అన్నం కూడా తినకుండా లేచి ధర్మవరం పోయాడు.

శశికుమార్ ఫోన్ అటూ ఇటూ చూశాడు. "కార్డేదన్నా?"

"పాత ఫోన్లో."

"అది తెచ్చినావా?"

నాగేశ్వర తల అడ్డంగా ఊపాడు.

"పాటలు కార్డులో ఉండాయన్నా. దీంట్లో ఉండేది పేర్లు మాత్రమే. యాడ ఏ పాట ఉండాదో చెప్పే పట్టీ మాదిరి, అంతే. ఛార్జింగ్ పెట్టి నొక్కమంటి గదా? గంట పడతాదంటి గదా? నొక్కల్యా నువ్వు?" అన్నాడు శశికుమార్. కోపంగా అనలేదు. అంత మెత్తగా అడగడం వల్లే నాగేశ్వరకు ఆ రోజు షాపులో వినీ విననట్టు తల ఊపిన మాటలు అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చాయి. "పోయి ఆ కార్డు తేన్నా, పది నిమిషాల్లో చేసిస్తా. దుడ్లేమీ వద్దులే" అన్నాడు శశికుమార్ ఇంకా.

"అది మా నాయన చేతిలో ఉండాది" అన్నాడు నాగేశ్వర. అనేసి, షాపు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

నాలుగు రోజులు తెలిసిన ప్రతి ఇంటికీ తిరిగాడు. ఎవరి ఫోన్లోనైనా తండ్రి పాట ఉందేమోనని. చావింట్లో ఫోన్ బయటికి తీసేవాళ్ళు ఎవరుంటారు? చివరికి చిలమత్తూరులో ఒకరి దగ్గర అర నిమిషం వీడియో దొరికింది. ఆత్రంగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోన్ పట్టుకున్నవాడు నాగేశ్వర పక్కన నిలబడ్డాడు కాబోలు, తాళాల మోత, దాని మీద నాగేశ్వర వంత. తండ్రి గొంతు ఎక్కడో దూరంగా జీరగా వినిపించింది, మాట ఒక్కటీ తెలియలేదు. తన గొంతును అంతగా అసహ్యించుకోవడం అతనికి అదే మొదలు.

ఎర్రిస్వామి మొహమాటం లేని మనిషి. ఎనిమిదోనాడు వచ్చి మగ్గం పక్కన కూర్చుని సూటిగా అన్నాడు.

"తవ్వుదాం పద."

"ఏమి మామా నువ్వు మాట్లాడేది?"

"పాపమొస్తే నాకొస్తాది గానీ. ఆయన సొత్తు ఆయన కోసమా దాచిపెట్టుకున్నాడు? నీ కోసమే గదా. కార్డు గోరంత ఉంటాది. తీసి మళ్ళ పూడుద్దాం."

నాగేశ్వర తల్లిని అడిగాడు. ఆమె ఏడ్చి రభస చేస్తుందనుకున్నాడు, చేస్తే బాగుండేది కూడా. అంజనమ్మ ఉన్నచోటే కూర్చుని కొడుకు మొహంలోకి చూసింది.

"తవ్వాలనుంటే తవ్వు. నేనొద్దనను" అంది. "ఆ ఫోను నువ్వే పెట్టినావు. ఆ వేళ్ళు నువ్వే మడిచినావు. ఇప్పుడు విప్పేదీ నువ్వే. చేతనయితాదేమో చూసుకో నాయనా."

మిట్టమధ్యాహ్నం ఎవరూ తిరగని వేళ చూసుకుని నాగేశ్వర పార పట్టుకుని ఒక్కడే పోయాడు. కుక్కలు రాకుండా వేసిన కంప లాగేశాడు. రాళ్ళు పక్కకు దొర్లించాడు. జేసీబీ తవ్విన మట్టి కదా, పార సులువుగా దిగింది. అంత సులువుగా దిగుతుందని అతననుకోలేదు, దానికే భయమేసింది. మోకాలి లోతు పోయాక చెమట కళ్ళలోకి దిగి ఆగాడు. గాలి ఆడడం లేదు. వాసన వచ్చిందో, వచ్చిందని అనుకున్నాడో అతనికే తెలియదు. ఇంకో రెండడుగులు తవ్వితే గుడ్డ, గుడ్డ తీస్తే చెయ్యి. పాటలన్నీ ఆ పిడికిట్లో ఉన్నాయి. ఎనిమిది రోజుల ఎండకు ఆ వేళ్ళు ఎలా ఉంటాయో కళ్ళకు కట్టింది. ఒక్కొక్కటే విప్పుతున్నట్టు తన చేతుల్లో తెలిసింది. పార అక్కడే వదిలి పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

తిరిగొచ్చి మట్టి కప్పేశాడు. రాళ్ళు పెట్టాడు, కంప వేశాడు. ఇంటిదగ్గర ఎర్రిస్వామి అతని చేతుల మన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నా చేత కాలేదు మామా."

"నువ్వుండు. నేను పోయి తీస్తా."

"వద్దు" అన్నాడు నాగేశ్వర. తను విప్పలేని చేతిని ఇంకొకడు విప్పుతుంటే ఆ సంగతి తెలిసి కూడా ఇంట్లో కూర్చోవడం ఎట్లా? ఎర్రిస్వామి రెండు మూడుసార్లు అడిగాడు. నాగేశ్వర కాళ్ళు పట్టుకుని వద్దన్నాడు.

"అయితే కూర్చోని రాయి" అన్నాడు ఎర్రిస్వామి విసుక్కుని. "ఇరవై ఏండ్లు పక్కనే కూర్చున్నావు గదా, గుర్తుండేటివి రాసుకో. నాకొచ్చిందేమైనా ఉంటే నేనూ చెప్తా. మద్దెల మోతలో నాకు మాటలు వినిపించి సావవు గానీ."

గురువు మాట ఇప్పుడెవరికి కావాలి? నాగేశ్వర రెండొందల పేజీల నోటుబుక్కు తెచ్చాడు. ఫోన్లో వరస చూసి ఒక్కో పేజీ పైన ఒక్కో పేరు రాశాడు. పేరు కింద పల్లవి. పల్లవులన్నీ వచ్చాయి. ఎందుకు రావు, వంత అదే కదా. ‘గుంతలోంచి లేవరా సాలెన్న, నేత నిండెరా’ అని మగ్గం గుంత పాట పల్లవి రాశాడు. దాని కింద చరణం రాయాలి. నాలుగు చరణాలుండాలి అందులో. పడుగు గురించి ఏదో వస్తుంది. తెగిన పోగు ముడివేసే చెయ్యి గురించి వస్తుంది. ఆ తర్వాత? అతను కళ్ళు మూసుకుని తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి, తంబూర కదిలింది. తనేమో కింద ఫోన్లో అంకెలు చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. ఏ పాట తలుచుకున్నా అతనికి కనబడేది ఆ అంకెలే.

పది రోజుల్లో నోటుబుక్కులో నూటా అరవై మూడు పల్లవులు నిండాయి. చరణాలు చూసుకుంటే తొమ్మిది. అవి కూడా ఫోన్ రాకముందు, దారిలో తిట్లు తిని నేర్చుకున్నవి. మిగతా కాగితమంతా తెల్లగా ఉంది. పద్మజ ఒక పొద్దున ఆ పుస్తకం తిరగేసి, మూసి అటక మీద పెట్టింది.

ఇంత జరిగినా నాగేశ్వర మనసులో ఒక మూల ఆశ మిగిలే ఉంది. కార్డు పోలేదు, భూమిలో భద్రంగానే ఉంది. ఇవాళ చేతకానిది రేపు చేతనవుతుందేమో. ఏడాది పోనిచ్చి ఎముకలే మిగిలాక తీస్తే భయముండదేమో. నీళ్ళ చుక్క లేని నేలలో దానికేమవుతుంది? ఇలాంటి ఆలోచనలు చేస్తూ మగ్గంలో కూర్చునేవాడు. వానలు పడకపోవడం ఒక్కటే ఆ ఏడాది అతనికి కలిసొచ్చిన సంగతి.

అదీ ఎన్నాళ్ళు? ఆగస్టులో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. ఎప్పటిలాగే గాలికి కొట్టుకుపోతుందనుకున్నారు అందరూ. పోలేదు. రెండు గంటలు ధారగా కురిసింది. కాలనీ అంతా బయటికొచ్చింది. చుట్టుపక్కల చేలల్లో వేరుశనగ బుడ్డలు వేసినవాళ్ళు తడుస్తూనే నవ్వుతూ తిరిగారు. మర్నాడు పొద్దున టీ అంగడి దగ్గర ఎక్కడ చూసినా అదే మాట.

"ఎంత పదునయినాదప్పా మీ పక్క?" 

"మూరెడు దిగినాది."

"మా చేను ఇసుక. ఇంకా ఎక్కువే దిగినాదిలే!"

నాగేశ్వర టీ గ్లాసు పట్టుకుని లెక్క వేసుకున్నాడు. గట్టి నేలలోనే మూరెడు దిగితే తవ్వి పూడ్చిన మట్టిలో ఎంత దిగుతుంది? తను మళ్ళీ మోకాలి లోతు గుల్ల చేసి వచ్చిన మట్టిలో? గ్లాసు పెట్టేసి నడిచాడు. దూరం నుంచే కనబడింది. సమాధి మీద మట్టి జానెడు కుంగి, నడుమ గిన్నెలాగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. అతను చూస్తుండగానే నీళ్ళు మెల్లగా లోపలికి ఇంకాయి. ఊరంతా చల్లబడిన ఆ పొద్దున అతనొక్కడే అక్కడ కూర్చుని నోరు తెరిచి ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు ఇంత ఏడుపు రాలేదు.

ఆ వాన పడిన తొమ్మిదో రోజు ఎదురింటి తిమ్మమ్మ పోయింది. అందరి మగ్గాలకూ పట్టు నూలు కండెలు చుట్టి బతికిన ముసలామె. పొద్దున్నే ఆమె కూతురు సువర్ణ జుట్టు విరబోసుకుని నాగేశ్వర గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, రా. అమ్మని వాకిట్లో పండబెట్టినాము."

"నాయన లేడు గదమ్మా" అన్నాడు నాగేశ్వర.

"నువ్వుండావు గదన్నా. తంబూర ఉండాది గదా. మా అమ్మ ఎప్పుడో చెప్పింది, ‘పూలమ్మే ముసలామె’ పాట నాకు పాడించండి అని. శ్రీరంగప్ప మామ మాటిచ్చినాడంట."

నాగేశ్వర ఆ మొహం చూశాడు. తంబూర తీసుకుని పోయాడు. ఎర్రిస్వామి అప్పటికే మోత కుదరడానికి మద్దెలకు పిండి పెట్టుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నాగేశ్వర తండ్రి కూర్చునే చోట, శవం తల దగ్గర కూర్చున్నాడు. తనకు వచ్చిన తొమ్మిది చరణాలూ అటొకటీ ఇటొకటీ కలిపి ఏదో పాడాడు. వాకిట్లో ఏడుపు తగ్గలేదు. సువర్ణ తల్లి పాదాలు పట్టుకుని తలెత్తి చూసింది.

"అది పాడన్నా. అమ్మ అడిగింది."

నాగేశ్వర తంబూర మీటాడు. పల్లవి ఎత్తుకున్నాడు. ‘మాల నీకేనమ్మా, మాసిపోనీయకే’. ఆ ఒక్క వరుసకే ఆడవాళ్ళు గుర్తుపట్టారు. ఒకామె పక్కనామె చెయ్యి నొక్కింది. చప్పుడు తగ్గింది. సువర్ణ కొంగుతో మొహం తుడుచుకుని, మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని వినడానికి కూర్చుంది. ఎర్రిస్వామి మద్దెల మీద రెండు దెబ్బలు వేసి చరణానికి దారి ఇచ్చాడు.

చరణం రాలేదు. నాగేశ్వర పల్లవి మళ్ళీ పాడాడు. మళ్ళీ మద్దెల దారి ఇచ్చింది. మూడోసారీ పల్లవే పాడి ఆగాడు. అతనికి తెలియకుండానే, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, తల పక్కకు తిప్పి పక్క మనిషి అందుకుంటాడని ఎదురుచూశాడు. పక్కన తాళాలు పట్టుకున్న కుర్ర నేతగాడు అతని వైపే చూస్తున్నాడు.

"నాకు రాదమ్మా" అన్నాడు నాగేశ్వర తంబూర దించి. "ఒక్కటీ రాదు నాకు. అన్నీ పోగొట్టినా."

"పోనీలే అన్నా" అంది సువర్ణ. నిజంగానే అంది, తప్పు పట్టే మనసు ఆ పిల్లకు లేదు. ఆ తర్వాత తల్లి మొహం చూసి, పాదాల మీద పడి ఏడుపు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెను పట్టుకున్నారు, వాళ్ళూ ఏడ్చారు. ఎర్రిస్వామి కాసేపు వట్టి మద్దెల వాయించి ఆపేశాడు. శవాన్ని లేపేదాకా ఆ ఏడుపు ఆగలేదు. ఆపే మాట ఆ వాకిట్లో ఒక్కరి దగ్గరా లేదు.